ధర

గడ్డ మంచిదే అన్నారు.
మంచి గడ్డ అంటే ఏమిటని అడిగాడు ప్యో మన్‌బొక్,
బుసాన్ చేపల రేవులో ఇరవై ఆరేళ్లుగా వేలం పాడే మనిషి,
మంచికీ చెడుకీ మధ్య వంద ధరలు తెలిసినవాడు.
చంపదు, అన్నాడు డాక్టర్ తక్.
పెరుగుతుంది, అంతే.

నాలుక మొదట్లో,
అద్దం ముందు ఎంత నోరు తెరిచినా కనపడనంత లోపల,
కొవ్వుతో నున్నగా
అద్దె కట్టని మనిషిలా కూర్చుంది.
రాత్రి ఊపిరి ఆగినప్పుడల్లా
భార్య మోచేత్తో పొడిచి లేపేదట.
తెల్లవారి ఆరింటికి గంట కొట్టాక
కానగంతల పెట్టెల ముందు గొంతెత్తితే
ముద్ద మింగకుండా మాట్లాడినట్టు వచ్చేదట.
కొనేవాళ్లు ఎంత, ఎంత అని తిరిగి అడగడం మొదలెట్టారు.
వేలం పాడేవాడికి
అంతకన్నా తలవంపు లేదు.

నా చోటు ఆయన తల పక్కన.
పళ్లకు తొడుగు, దవడకు ఇనుప చట్రం.
తెరిచిన నోట్లోకి మూడు చేతులు దిగాయి,
పెన్సిలంత సన్నం,
మణికట్టుకు మాత్రం మనిషికి లేని మెలిక.
ఆ చేతుల యజమాని గదికి ఆ మూల,
చెప్పులు విప్పి, తల పెట్టెలో దూర్చి.
ఆయనకక్కడ గడ్డ గుమ్మడికాయంత కనిపిస్తుంది.
కానీ తగలదు.
అందుకే మధ్యలో స్పీకరులోంచి అడుగుతాడు:
సొన్‌హీ, మెత్తగానే ఉందా?
గొట్టం కొసతో మెల్లగా నొక్కి చూస్తాను.
అంతలేసి ఖరీదు చేసే యంత్రం
నా జవాబు కోసం గాలిలో ఆగి ఉంటుంది.
ఆ రెండు క్షణాలు నాకిష్టం. ఎవరికీ చెప్పలేదు.
మెత్తగానే ఉంది, అంటాను.

కాలిన వాసన, సన్నటి పొగ, పీల్చేస్తాను.
మెడ మీద ఒక్క గీత లేదు.
పూర్వం దవడ చీల్చేవారని మా పెద్ద నర్సు మొదలెడుతుంది,
అన్నం దగ్గర వద్దంటాం.

మూడో రోజు.
మాట్లాడొద్దన్నాం, మాట్లాడలేదు.
గడ్డ ఫోటో చూపించమని సైగ చేశాడు.
స్కేలు పక్కన, ఒలిచిన చెస్ట్‌నట్ లాగా.
చాలాసేపు చూశాడు.
తర్వాత మంచం మీద నిటారుగా కూర్చుని
చల్లారిన గంజి గిన్నె మీద చెంచాతో
టంగుమని కొట్టాడు.
వార్డంతా తిరిగింది.

పక్క మంచం ముసలాయన రెండు వేళ్లెత్తాడు.
మన్‌బొక్ మొహం చిట్లించాడు.
నేను మూడు.
చాలదు.
అప్పుడే రౌండ్లకొచ్చిన తక్
సంగతి తెలియకపోయినా
జేబులోంచి చేయి తీసి ఐదూ చాపాడు.

ఆ చేతినందుకుని,
చేప తాజాదో కాదో చూసేవాడిలా
బొటనవేలితో అరచేతిని ఒత్తి చూసి,
మళ్లీ ఒకసారి ఒత్తి,
చెంచా మోగించాడు.