ఆరు చుక్కల పేరు

బ్రోకెన్ హిల్ ఆసుపత్రిలో
నా బ్యాడ్జి మీద పేరు మూడోసారీ తప్పే అచ్చయింది.
మొదట పెర్విన్, తర్వాత పార్వెన్,
ఈసారి మరీ చనువుగా, పౌలీన్.
మార్చమని అడగలేదు.
పౌలీన్ కూడా ఎవరో ఒకరి బిడ్డే కదా.

వినుకొండ మున్సిపల్ బడిలో
ఆరో తరగతి హాజరు పిలుస్తుంటే
ఒక్క పేరుకి నలుగురం లేచేవాళ్లం.
షేక్ పర్వీన్, పఠాన్ పర్వీన్,
పొట్టి పర్వీన్, నేను.
నన్ను టైర్ల పర్వీన్ అనేవాళ్లు,
అబ్బా పంక్చర్లు వేసేవాడు గనక.

పేరు పెట్టింది ఆకాశం చూసి కాదు.
అమ్మకి పురుడు పోసిన నర్సు పేరది.
నొప్పులు పడుతూ రాత్రంతా
అమ్మ అరిచిన పేరు అదొక్కటే.
తెల్లారేసరికి నోటికి అలవాటైపోయి
నాకు మిగిలింది.
ఆ నర్సుకి ఎవరిదో, ఆ ఎవరికో ఇంకెవరిదో.
పేర్లు ఊళ్లు మారేది అలాగే,
పక్కింట్లో చేబదులు తెచ్చుకున్న జల్లెడలా.
తిరిగి ఇవ్వడం ఎవరికీ గుర్తుండదు.

అర్థం చెప్పింది మాత్రం
తొమ్మిదో నంబరు మంచం మీది ముసలావిడ.
ఇస్ఫహాన్ మనిషి, మెహ్రాంగీజ్,
కాలుజారి తుంటి విరిగింది.
కళ్లద్దాలు లేక బ్యాడ్జి చదవలేక
పేరడిగింది. చెప్పాను.
"పర్వీ...న్!" అని దీర్ఘం తీసి నవ్వింది.
"మా మేనత్త పేరు. ఇప్పుడెవరు పెడుతున్నార్లే,
మా దగ్గర బామ్మల పేరైపోయింది."
దుప్పటి మీద వేలితో చుక్కలు పెట్టింది,
ఇక్కడొకటి, ఇక్కడొకటి, దగ్గర దగ్గరగా.
పాత భాషలో "ముందు వచ్చినవాళ్లు" అని అర్థమట.
కాదని కొట్లాడేవాళ్లూ ఉన్నారట.
ఆమెది సగం ఇంగ్లీషు, నాది సగం.
మధ్య చిరుగులకి ఉర్దూ అతుకు వేశాను,
అబ్బా నేర్పిన పనే.

అప్పుడు తట్టింది.
మిరపకల్లంలో కాపలా పడుకున్న దాదా
దుప్పట్లోంచి తల బయటపెట్టి
"పిల్లలకోడి నెత్తిమీదికొచ్చింది, ఇంక నిద్రపో" అనేవాడు.
అదే. ఆ చుక్కలే.
పంచాంగంలో కృత్తికలు,
కల్లంలో పిల్లలకోడి,
హాజరుపట్టీలో నేను.
దాదాకి తెలియదు,
మనవరాలి పేరు చూసే రాత్రి ఎంతైందో చెబుతున్నానని.

డిసెంబరులో డ్యూటీ దిగి బయటికొస్తే
ఉత్తరాన, పార్కింగు దీపం పక్కన,
కోడి తలకిందులుగా వేలాడుతోంది.
పిల్లలొక్కటీ రాలిపోలేదు.

కాన్పుల వార్డులో టామ్‌సిన్ అనే అమ్మాయి
ఈ కథంతా విని కళ్లు పెద్దవి చేసి
"మా పాపకి ఇదే పెట్టేస్తా" అంది.
రెండ్రోజులు ఆలోచించి హార్పర్ అని పెట్టింది.
ఈ ఏడు మా వార్డులో ఐదో హార్పర్.
పోనీలే. రేపు బడిలో
ఒక్క పిలుపుకి ఐదుగురూ లేస్తారు.
ఆ సంతోషం నాకు తెలుసు.

ఇప్పుడు చెప్పేది నవ్వకుండా వినాలి.
ఈ ఊళ్లో నా పేరు ఇంకెవరికీ లేదనుకునేదాన్ని.
క్లచ్చు మార్చుతూ మెకానిక్ రాబిన్ అన్నాడు,
సుబారు అంటే జపాను భాషలో ఆ చుక్కల గుంపేనని.
కారు మూతి మీద ముద్ర ఎప్పుడైనా చూశారా?
ఒకటి పెద్దది, ఐదు చిన్నవి.
అచ్చంగా పిల్లలకోడి.
ఆ శనివారం సూపర్‌మార్కెట్ ముందు లెక్కపెట్టాను.
నా దాంతో పదకొండు.
పదకొండు మంది పర్వీన్లం
ఎర్రదుమ్ము కొట్టుకుని, ఎండలో, వరసగా.
ఎవరూ పిలవలేదు.
ఎవరం లేవలేదు.

కారు ముందు వంగి
బొటనవేలితో దుమ్ము తుడిచాను.
ముందు కోడిని,
తర్వాత ఒక్కో పిల్లని.
ముందు టైర్లో గాలి తగ్గినట్టుంది.
అదీ చూసుకోవాలి.