టోపీ మిరప

రాయపురంలో మా మేడ మీద
పాత పెయింటు డబ్బాల్లో నాలుగు మొక్కలు.
కాయలు చూస్తే, ఎవరో పసిపిల్లలకని కుట్టి
సగంలో వదిలేసిన పసుప్పచ్చ టోపీల్లా ఉంటాయి.
కోసిన చేత్తో ఓసారి కన్ను తుడుచుకున్నాను.
సాయంత్రం దాకా సముద్రం ఎటుందో తెలియలేదు.

మా ఆయన ఓడలో వంటవాడు, ఇరవై ఆరేళ్ళు.
కింగ్‌స్టన్ రేవులో ఇంజను చెడి
పందొమ్మిది రోజులు కట్టేసిన ఓడ దిగి
మిస్ ఇనెజ్ అనే ఆవిడ రేకుల షెడ్డులో
ఉల్లికాడలు తరుగుతూ కూర్చున్నాడట.
శేషభూషణం నోరు తిరగక "బూషన్" అనేదట ఆవిడ.
కూలి అడగలేదు. వంట అడిగాడు.
గింజలు షేవింగు డబ్బాలో దాచి తెచ్చాడు.
మొలిచాయి గానీ అప్పట్లో నేనొప్పుకోలేదు.
గుంటూరు మిరప తిని పెరిగినదాన్ని,
నాకు ఇంకో దేశం మంటెందుకు?

పోయినేడు జ్వరం వచ్చి, పోతూ పోతూ
ఆయన ముక్కూ నాలుకా పట్టుకుపోయింది.
తెలిసిందెలాగంటే,
పోపు మాడి వంటిల్లు నల్లబడుతుంటే
పొయ్యి పక్కనే నిలబడి
పేపర్లో టెండరు ప్రకటన చదువుతున్నాడు.

ఆ తర్వాత సాంబారూ వేణ్ణీళ్ళూ ఒకటే.
నెయ్యి వేలికి తెలుస్తుంది, అంతే.
స్టాన్లీ ఆస్పత్రిలో కుర్ర డాక్టరన్నాడు:
కారం రుచి కాదు సార్, నొప్పి.
దాని దారి వేరు.
ఆ మాటకి మా ఆయన
లాటరీ తగిలినవాడిలా బస్సెక్కాడు.

ఆ రాత్రే టోపీలు కోశాడు.
అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడలు, నిమ్మరసం, బెల్లం.
థైముకి బదులు కుండీలోని వామాకు.
మిస్ ఇనెజ్ పెరట్లోనూ అదే ఉండేదట, వేరే పేరుతో.
ప్యారీస్‌లో మూడు కొట్లు తిరిగి
బొద్దు మిరియాల్లాంటి గోధుమరంగు గింజలు తెచ్చాడు.
రోట్లో నలగ్గొట్టి నా ముక్కు కింద పెట్టి
"చెప్పు" అన్నాడు.

ఏం చెప్పను?
లవంగం అన్నాను. కాదు, దాల్చినచెక్క.
జాజికాయ కూడా, కాస్త వెనకాల.
ముగ్గురు తోడికోడళ్ళు ఒకే పొయ్యి దగ్గర
మాటల్లేకుండా నిలబడ్డట్టుంది.
కళ్ళు మూసుకుని విన్నాడు.
"ఆఁ, అదే. ఇంకా చెప్పు."

ముప్పై ఏళ్ళ కాపురంలో
ఇంకా చెప్పు అన్నది అప్పుడే.

కార్పొరేషను వాళ్ళు కొట్టి పడేసిన జామకొమ్మలు
కిందింటి సెల్వమేరీ కొడుకు మోసుకొచ్చాడు.
సగానికి కోసిన ఇనప డ్రమ్ము, దాన్నిండా పొగ.
కోడి ముక్కలకి నేను కాపలా:
ఇప్పుడు తీపి వాసన, ఇప్పుడు తడిమట్టి,
ఇప్పుడు మాడు, తిప్పు, తిప్పు.

ఒకసారి అబద్ధం చెప్పాను.
వామాకు ఎక్కువై కషాయంలా ఉన్నా
సరిపోయిందన్నాను.
ఆదివారం. అలిసిపోయాను. నాకు చారన్నం కావాలి.
ముద్ద నోట్లో పెట్టుకుని
నా మొహమే చూస్తూ నెమ్మదిగా నమిలాడు.
మర్నాడు వామాకు తగ్గించాడు.

కాసిమేడులో వంజరం దొరికిన రోజు
వేయించి, వెనిగర్లో కారెట్టూ ఉల్లిచక్రాలూ
నాలుగు టోపీలూ మరిగించి పైన పోశాడు.
సెల్వమేరీ తుమ్మి తుమ్మి
మా ఇద్దర్నీ పేరుపేరునా తిట్టి
గిన్నె పట్టుకుని పైకొచ్చింది.
ముగ్గురం నేలమీదే కూర్చున్నాం.
కళ్ళల్లోంచీ ముక్కుల్లోంచీ ఒకటే ధార.
"పని చేస్తోంది" అన్నాడాయన,
పంపు బాగుచేసినవాడిలా.

ఇవాళ సీసాలకి చీటీలు అంటిస్తున్నాం.
తారీఖు ఆయన వేస్తాడు, కింద వాసన నేను రాస్తాను.
మొదటిది: నిమ్మ ముందు, పొగ తర్వాత.
రెండోది: తోడికోడళ్ళు మాట్లాడుకున్నారు.
మూడోది మూత తీశాను.
తారు, తడిసిన తాడు, వానపడ్డ రేకు.
నేనెప్పుడూ దిగని రేవేదో.
ఇది ఎలా రాయనూ అంటే,
"ఉప్పు సరిపోయిందా, అది చెప్పు ముందు" అన్నాడు.

సరిపోయింది.
నిజంగానే.