డెబ్బై ఆకుల కట్ట

మా అమ్మ పుట్టిన ఒడ్డున
తునికాకు కట్టకు యాభై ఆకులు.
లగ్గమయి ప్రాణహిత దాటి సిరొంచ పక్కకొస్తే
ఇక్కడ డెబ్బై.

నది ఒక్కటే, మే నెల ఎండ ఒక్కటే,
చేతులకంటే ఆకు వాసనా ఒక్కటే.
సర్కారు వేరు.
ఆ ఇరవై ఆకులు తనకు అరణం కింద వచ్చాయని
నార కొస పళ్ల మధ్య పట్టుకుని నవ్వేది.

యాభై దాకా అందరిలాగే లెక్కపెట్టేది,
పెదవులు కదిలీ కదలకుండా.
యాభై దగ్గర ఆగి
తొడిమలు మోకాలికేసి తట్టి సమం చేసి
ఆ పైన అంకెలు వాడేది కాదు.

అవ్వ. బాపు. పెద్దన్న ఓదెలు.
చిన్నన్న సడవలి. చెల్లె మధునమ్మ.
మేనత్త, మేనత్త కొడుకు, కోడలు,
పక్కింటి కుమ్మరి రాజవ్వ...
పేరుకో ఆకు.
పదమూడో ఆకుకు మనుషులు అయిపోయేవాళ్లు.
అప్పుడు సుక్కబర్రె, వాకిట్ల జామచెట్టు,
చేదబాయి, దాని గిలక,
ఇంకేమేమో, ఇరవై నిండేదాకా.

నేను పుట్టిన ఏడు
బర్రెను తీసేసి ఆ జాగాలో నన్ను పెట్టిందట.
"పూటకు మూడు శేర్లిచ్చే బర్రె" అని
బాపు ఇప్పటికీ దెప్పుతాడు.

పోయినవాళ్ల పేర్లు మాత్రం తీసేది కాదు.
ఓదెలు మామ కామెర్లతో పోయిన ఎండకాలం
ఆ పేరు దగ్గర ఆకును బొటనవేలితో రెండుసార్లు రుద్దింది.
అంతే. చేతిలో పని ఆగలేదు.

ఒకసారి కల్లం దగ్గర మున్షీ
మా కట్ట విప్పి చూశాడు.
"డెబ్బైయొక్కటుంది బాయీ."
ఇంకో కట్ట విప్పాడు. డెబ్బైయొక్కటి.
ఇంకోటి.
"ఉండనీ దాదా" అంది అమ్మ,
"అది లెక్కలది కాదు."
దండగ ఆకు ఎవరికి చేదు? అతను రాసుకున్నాడు.

ఆ రాత్రి నిద్ర నటించి విన్నాను.
ఇరవై పేర్లూ అయిపోయాయి.
ఇంకో ఆకు తీసుకుంది,
పైన పెట్టింది, నార బిగించింది.
నోట్లోంచి ఏమీ రాలేదు.
నాకు అప్పుడు తొమ్మిదేళ్లు, అడగడం తెలియలేదు.
తెలిసిన నాటికి ధైర్యం చాలలేదు.

నేనిప్పుడు ఆశా బాయిని.
మొన్న శ్రావణంలో, అంకీసా అవతల గూడెంలో
నాలుగు నెలల పిల్ల డొక్కలెగరేస్తోంది.
అంగీ పైకి జరిపి, పొట్ట మీద చూపు నిలిపి
గడియారం ముల్లుతో పాటు ఊపిరి లెక్కపెట్టాను.
యాభైకి చేరితే దవాఖాన. మాకు నేర్పింది అదే.

నలభై ఎనిమిది. నలభై తొమ్మిది. యాభై.
ముల్లు ఇంకా పావు చుట్టు తిరగాలి.
నా నాలుక నన్నడక్కుండానే ఒడ్డు మారింది.
అవ్వ. బాపు. ఓదెలు. సడవలి. మధునమ్మ...

"ఎవరిని పిలుస్తున్నావక్కా" అంది పిల్ల తల్లి,
వచ్చీ రాని మరాఠీలో.
జవాబు చెప్పే తీరిక లేదు.
పిల్లను రొమ్ముకు ఆనించి చీరతో చుట్టమన్నాను,
సిగ్నలు కోసం చేనుగట్టు ఎక్కాను.
జీపును బురదలో రెండుసార్లు దిగి తోశాం.
ఆక్సిజను పెట్టారు.
మూడో రోజుకు పాలు తాగింది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.
బియ్యం చెరుగుతూ విన్నది.
"యాభై మీద ఎన్ని?"
"పదిహేడు."
చాట ఒళ్లో పెట్టుకుని వేళ్లు మడిచి చూసుకుంది.
"గిలక దాకా వచ్చినవ్" అంది.
కాసేపు నవ్వుకున్నాం.

"ఆ పిల్ల పేరేంది?"
"ఇంకా పెట్టలేదమ్మా."
"పెట్టకపోతేంది" అంది,
అని, మళ్లీ చాట తీసుకుంది.
అప్పటికే చెరిగిన బియ్యాన్ని
మొదటి నుంచి చెరగసాగింది.