నేను చెక్కని రంధ్రాలు

మా తాత ఈ చోట చేపలు పట్టాడు.
నిజం. మార్క్‌నెస్సె అప్పటికి ఊరు కాదు, సముద్రం.
నీళ్లు తోడేశారు, గోధుమలు చల్లారు,
తర్వాత ఆ పొలాల మధ్య గాలికో ఇల్లు కట్టారు.
అందులో నా పని విమానాల్ని చిన్నవి చేయడం.
పదో వంతు రెక్క, పదో వంతు చక్రం,
అల్యూమినియం ముద్దలోంచి,
గోటితో తడిమినా అతుకు తగలనంత నునుపుగా.

దిగే విమానం ఇంజన్ల గొంతు తగ్గించుకుంటుంది.
అప్పుడు మోగేది గాలి.
రెక్క ముందు తెరుచుకున్న పలక దగ్గర చీలి,
వెనకంచు దగ్గర తెగి,
చక్రాల కాళ్లు అడ్డం తగిలితే తిట్టుకుంటూ పోయే గాలి.
వేగం రెట్టింపైతే అంచు దగ్గరి రొద రెట్టింపు కాదు,
ముప్పై రెండింతలు, అంటుంది వీట్‌స్కె.
గోడ నిండా నూట నలభై మైకులు పెట్టి
ఏ మూల ఎంత మోగుతోందో
ఎర్రగా, పచ్చగా తెరమీద ఆరబోస్తుంది.
ఆమె లెక్కకూ ఆకాశానికీ తేడా
డెసిబెల్ దాటితే ఆ రాత్రి ఆమెకు నిద్ర ఉండదు.

ఆ మార్చిలో జ్వానెన్‌బుర్గ్ నుంచి ఉత్తరం.
నీలి సిరా. పియానోలు శ్రుతి చేసే మాఖ్‌టెల్డ్ అనే ఆవిడ.
"అయ్యా, ఉదయం ఆరూ పదికి నా ఇంటికప్పు మీదుగా పోయే విమానం
ఈల వేస్తోంది.
వచ్చేటప్పుడు పైకి, దాటాక కిందికి జారుడు.
అది నాకు తెలుసు, అంబులెన్సులూ అంతే.
కానీ సరిగ్గా నెత్తిమీదున్న క్షణాన
అది డి స్వరం, వెంట్రుకవాసి కింద.
పాడితే పాడింది,
శ్రుతిలోనైనా పాడమనండి."

వీట్‌స్కె నవ్వలేదు.
ఆమె లెక్కలో రొద ఉంది, ఈల లేదు.
మళ్లీ వేసింది. లేదు.
రెండు రాత్రులు సొరంగంలో గాలి వదిలాం. లేదు.
"ఆవిడ చెవి పొరబడిందేమో" అన్నాను.
"పియానోలు శ్రుతి చేసే చెవి" అంది, అంతే.

మూడో రోజు అసలు రెక్క కిందికే వెళ్లాం,
హ్యాంగర్లో, టార్చి పట్టుకుని, మెడలు విరుచుకుని.
ఇంధనం ట్యాంకు ఊపిరి పీల్చే రెండు గుండ్రటి రంధ్రాలు,
అరచెయ్యి అడ్డం పెడితే మూసుకునేంత.
నా మోడల్లో అవి లేవు.
డ్రాయింగులో ఉన్నాయి.
నేనే చెక్కలేదు.
ఇంత చిన్నవి ఎవరడుగుతారు అనుకున్నాను,
పైగా అది శుక్రవారం సాయంత్రం.

వీట్‌స్కె ఏమీ అనలేదు.
కాంటీన్లో ఒక ఖాళీ బీరు సీసా తీసి
దాని మూతి మీదుగా ఊదింది.

తొలిచాను.
సొరంగంలో కీచుమంది, పదింతలు పైస్థాయిలో,
తెరమీద రెక్క కింద రెండు ఎర్రటి చుక్కలు.
ఆ కీచును పదింతలు నిదానం చేసి
ఫోన్లో మాఖ్‌టెల్డ్‌కు వినిపించాం.
చాలాసేపు ఊరుకుని, "ఇదే" అంది.
"కానీ మీది శ్రుతిలో ఉంది."

మందు చిన్నదే.
రంధ్రానికి ముందు బొటనవేలంత రేకు,
గాలిని సుడి తిప్పి, దాని ఊదుడు చెడగొట్టేది.
సెప్టెంబరుకల్లా ఒక విమానానికి బిగించారు.
నేను ఒక కేకు కొనుక్కుని సంబరపడుతుంటే
నీలి సిరా మళ్లీ వచ్చింది.

"ఈల పోయింది. థాంక్స్.
ఇప్పుడు దాని వెనక ఇంకోటి వినబడుతోంది.
ఇన్నాళ్లూ అది ఈల చాటున ఉంది కాబోలు.
చక్రాల దగ్గర, గరగరా.
దానికి స్వరం లేదు, ఏమని రాయాలో తెలియడం లేదు."

చక్రాల కాలు బల్లమీద ఉంది.
నేనెప్పుడూ దాన్ని నున్నటి కడ్డీలా చేసేవాణ్ని.
ఇప్పుడు బ్రేకు గొట్టాలు, వైర్ల కట్టలు, బిగింపులు,
బోల్టు తలకాయలు కూడా, భూతద్దం కింద.
గుమ్మంలో నిలబడి వీట్‌స్కె అడిగింది, ఇంకా ఎన్ని అని.
నూట పన్నెండు, అన్నాను.
డ్రాయింగులో ఉన్నవి.