మొదటి కోత

ఆ క్యాసెట్ నాకు మిరప టిక్కీల మధ్య దొరికింది.
బెజవాడ నుంచి ఖాళీగా తిరిగొచ్చిన లారీలో,
డాష్‌బోర్డు మీద రెండు ఎండాకాలాలు మాడి.
అట్ట మీద చేత్తో రాసిన బ్యాండు పేరు: లో ఓల్టేజి.
కింద, చిన్నగా: మొదటి కోత.
"పట్టుకుపో అమ్మాయ్, పాడైన సరుకు,
వింటే నిద్రొచ్చిద్ది" అన్నాడు సుభానీ.

నాన్న యార్డులో కాటా గుమాస్తా.
మా ఇంట్లో దిండ్లు కూడా దగ్గేవి.
పక్కింటి టేప్‌రికార్డర్ అడిగి తెచ్చి
ఆ రాత్రి మీట నొక్కాను.

ముందు ఒక గుయ్యిమనే చప్పుడు,
ఫ్యాను తిరగబోయి మానుకున్నట్టు.
తర్వాత బొమ్మ కీబోర్డు, రెండే వేళ్ళు.
తర్వాత ఒకమ్మాయి గొంతు.
ఏడవదు, వేడుకోదు,
కరెంటాఫీసులో ఫిర్యాదు రాయించినట్టు పాడుతుంది:
"రెండో వీధి, ఏడో స్తంభం,
వెలగటం లేదు,
నేనూ."

ప్రేమ పాటంటే పూలూ వానా అనుకున్నదాన్ని.
స్తంభం నంబరుతో మొదలవ్వొచ్చని
అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

అరండల్‌పేటలో ముగ్గురం పోగయ్యాం.
కుట్టుమిషను తొక్కి తాళం వేసే సలోమి,
పెళ్ళి మేళంలో క్లారినెట్ మానేసిన ఖాజావలి, నేను.
తొమ్మిది పాటలూ నేర్చుకున్నాం
క్యాసెట్ ఎలా నడిస్తే అలా.
బరువుగా, ఈడుస్తూ,
మాటకీ మాటకీ నడుమ
రైలుగేటు పడి లేచేంత జాగా వదిలి.
మమ్మల్ని చూసి పొన్నూరు కుర్రాళ్ళూ అలాగే,
తెనాలి వాళ్ళు ఇంకా నెమ్మదిగా.
గుంటూరు నడక అని పేరు కూడా పడింది.

ఇరవై రెండేళ్ళకి, ఆటోనగర్లో
ఇన్వర్టర్లు బాగుచేసే ప్రభుదాస్‌ని పట్టుకున్నాను.
ఆ రెండు వేళ్ళూ ఆయనవే.
"న్యూవేవ్ అనేవాళ్ళమ్మా దాన్ని, ఎక్కడో.
మాకు అలంటే బ్యారేజీ గేట్లెత్తినప్పుడే."
గవర్నర్‌పేటలో ఒక షాపు మేడ మీద
రాత్రి రెండు దాటాక రికార్డు చేశారంట.
రెండొందల కాపీలేస్తే పాతిక అమ్ముడయ్యాయంట.
మిగతావి బుడమేరు వినేసింది.

సీలు తీయని కాపీ ఒకటి వెతికి వేశాడు.

పరుగు.
ఆ అమ్మాయి గొంతు సన్నగా, గబగబా,
ఆఖరి బస్సు కదిలిపోతున్నట్టు.
నాకు తెలిసిన పాట ఒక్కటీ లేదందులో.

ఎండకి సాగిన టేపు!
మేం ఇన్నేళ్ళు నేర్చుకున్నది, నేర్పింది,
లారీ అద్దంలోంచి పడిన ఎండని.

సిగ్గుపడుతూనే ఫోన్లో మాది వినిపించాను.
సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టాడు.
పొగ ఆగేదాకా మాట్లాడలేదు.
"మేమూ ఇలాగే అనుకున్నాం, మొదట.
కరెంటు పోతుందేమోనని భయపడి
తొందరగా వాయించేశాం."

టీ తాగాం. బస్సెక్కాను.
వారధి దాటాక గుర్తొచ్చింది,
ఆ గొంతు ఎవరిదో
అడగనేలేదు.