కుడిచేతి వయసు

నా కుడిచెయ్యి
ఎడమచేతికన్నా ఇరవయ్యేళ్ళు పెద్దది.
నవ్వకండి. లాంగ్‌రీచ్ క్లినిక్‌లో
రెండూ పక్కపక్కన బల్లమీద పెట్టి చూపించాను.
ఈ దేశంలో స్టీరింగు కుడివైపు.
ముప్పయ్యెనిమిదేళ్ళు అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి
పశువుల లారీ తోలాను.
ఎడమచెయ్యి నీడలో గేర్లు మార్చుకుంది,
కుడిచెయ్యి ఎండ మేసింది.

డాక్టర్ నిరోషా కాయితం తీసింది.
వయసు?
డెబ్భై ఒకటి.
కళ్ళు?
చూస్తూనే ఉన్నారుగా, నీలం.
జుట్టు, తెల్లబడకముందు?
ఎర్రది. అమ్మది.
ఒంటినిండా ఈ చుక్కలూ అమ్మవే,
తమ్ముడికీ నాకూ తగువు లేకుండా పంచిన ఆస్తి అదొక్కటే.

చిన్నప్పుడు ఎండకి బొబ్బలెక్కాయా?

ఎక్కాయా అని అడుగుతారేంటి!
క్రిస్మస్ సెలవులకి యెపూన్ బీచ్.
వీపంతా నూనెలో వేసిన అప్పడంలా పొంగేది.
అమ్మ వెనిగర్లో తడిపిన గుడ్డ పరిచేది.
నాలుగోరోజుకి పొర లేచేది.
లయల్ నా వీపు, నేను వాడి వీపు
ఒలుచుకునేవాళ్ళం,
చిరక్కుండా ఎవరిది పొడుగ్గా వస్తే వాడు గెలిచినట్టు.
ఒకసారి జానెడు వచ్చింది నాకు.
వెలుగుకి ఎత్తిపట్టి చూశాం,
ఉల్లిపొర, దాని అవతల సముద్రం.

ఆవిడ నవ్వలేదు.
ఆ బాకీకి వడ్డీ ఇంకా నడుస్తోంది, అంది.

ఇంట్లో ఇంకెవరికైనా?

లయల్‌కి.
వాడికి కిడ్నీ మార్చారు.
కొత్తదాన్ని ఒళ్ళు తరిమెయ్యకుండా రోజూ మాత్రలు.
ఆ మాత్రలు కాపలావాణ్ణి నిద్రపుచ్చుతాయి.
కాపలా లేని ఇంట్లో
దొంగ తీరిగ్గా వంట చేసుకు తిన్నాడు.
ముందు కణత, తర్వాత మెడ.
కాసిని మంచినీళ్ళు ఇస్తారా?

కుడిచేతిమీద గరుకు మచ్చలు,
కంటికన్నా ముందు వేలికి తెలుస్తాయవి, గరుకుకాయితంలా.
పదమూడు లెక్కపెట్టింది.
ఇవి క్యాన్సర్ కాదు,
చాలావాటికి ఆ రాత ఉండదు కూడా,
ఏది మారుతుందో మాత్రం మొహం చూసి చెప్పలేం, అంది.
ఇన్ని మొలిచాయంటే నేల సంగతి తెలుస్తోందిగా.
చల్లటి పొగ సుయ్యిమంది, పదమూడుసార్లు.

అయిపోయిందనుకుని చొక్కా అందుకున్నాను.
ఆగమంది.
ఎడమ చెవి మడిచి చూసింది.
ఎడమది!
పై అంచున గోధుమగింజంత పుండు.
ఎన్నాళ్ళనించి?
ఈస్టర్ నించి. దువ్వెన గీరుకుందనుకున్నాను.
మానుతుంది, మళ్ళీ నెత్తురొస్తుంది.
టోపీ పెట్టుకోరా?
కంపెనీ ఇచ్చింది ఉంది, ముందు మాత్రమే అంచున్నది.
నాన్న వెడల్పు టోపీ మేకుకి వేలాడుతోంది,
సీటు వెనక్కి తగులుతోందని తీసేశాను
మొదటి ట్రిప్పులోనే.

చిన్న ముక్క కోసి, సీసాలో వేసి
పేరు రాసింది. క్లెమ్ రాడట్జ్.
ముత్యాల్లాంటి అక్షరాలు.
తొమ్మిది రోజులన్నారు.

ఇంటికి వెళ్తూ అద్దం పైకెత్తాను.
మోచెయ్యి అలవాటుగా లేచి
గాజుకి కొట్టుకుంది.
ఊరు దాటేలోపు మూడుసార్లు.