ఎదురుదోవ

కరెంటు పోయి గంటన్నర.
బైరాగిపట్టెడలో మిద్దెపైన నలుగురం,
చాప మీద, చెమట మీద.
ఖాట్మండులో వానంట, ఫోన్ చూసి చెప్పినాడు ప్రబిన్.
ఆ మాట ఎవురికీ నచ్చలా.
"పోదామా?" అనింది తిగిస్త్.
"యాడికి?"
దానికి జవాబు వెతకలేదు ఎవురూ.
చెప్పులు వెతుక్కున్యాం.

మునిరత్నం మామ ఓమ్నీ, పగలంతా పాలక్యాన్లు మోసేది.
వెనక సీట్లుండవు, పులిసిన వాసనుంటాది.
తాళం అడిగితే నిద్రలోనే దిండు కిందనుంచి తీసిచ్చినాడు.
పొద్దున తిట్టొచ్చులే అనుకోనుంటాడు.

చంద్రగిరి దాటి చిత్తూరు దోవ.
ఎదురుగా బస్సులు, టెంపోలు,
పసుపుగుడ్డలు కట్టుకొని నడిచొచ్చే జనం.
లోకమంతా తిరపతికి వస్తావుంటే
మేం నలుగురం తిరపతి నుంచి పోతావుండాం.
బండిలో పాస్‌పోర్టులున్నోళ్ళు ముగ్గురు.
లేనిదాన్ని నేను, స్టీరింగు కాడ.
నాకెప్పుడూ పనిబడలా.
దేశాలే మా మిద్దె మీదికొచ్చి అద్దె కడతాయి.

పాకాల క్రాసు కాడ టీ.
"దర్శనం బాగా అయిందామ్మా?"
అంగడాయన దిల్రుక్షిని అడిగినాడు.
రెండేండ్లుగా ఆమెను ఈ ఊళ్ళు అడిగే ఒకే ప్రశ్న.
ఆమె ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పింది:
"ఇంకా లేదన్నా, లైను పెద్దదిగా ఉండాది."
నవ్వాపుకోలేక గ్లాసుల్లోకి ఊదినాం.

బంగారుపాళ్యంలో గుజ్జు ఫ్యాక్టరీ ముందర
మైలు పొడుగునా ట్రాక్టర్లు.
తోతాపురి కాయల మీదే పండుకోనుండారు రైతులు.
ఒకాయన పూర్తిగా కండ్లు తెరవకుండానే
నాలుగు కాయలు విసిరినాడు.
"తినండి. లోపలికి పోతే వీటి రేటు చెప్పేదానికి సిగ్గు."
ప్రబిన్ ఒకటి జారవిడిచినాడు.
సెల్లు లైటేసి చానాసేపు వెతికినాం దాన్ని,
ఆయన చూస్తావున్నాడని.
దొరకలా.

మొగిలి ఘాటెక్కేసరికి గాలి మారింది.
ఏనుగులు తిరిగే చోటు, జాగ్రత్త, అని బోర్డు.
ఇంజనాపి, లైట్లార్పి
ఏనుగు కోసం కాచుకోనుండాం, పిలకాయల మాదిరి.
ఏనుగు రాలా.
చీకట్లో దిల్రుక్షి చెప్పింది,
మొనరాగల కాడ చెరుకుతోటలో
వాళ్ళ చిన్నాయన్ని ఏనుగు తొక్కేసిన రాత్రి.
రెండేండ్లలో మొదటిసారి.
తిగిస్త్ ఆమె చెయ్యి పట్టుకుంది.
నేను తాళం తిప్పినా. రెండోసారికి గానీ బండి అందుకోలా.

పలమనేరులో తెల్లారింది.
రోడ్డు పక్కన పొయ్యి కాడ ఒకామె
తెడ్డుతో సంగటి గెలుకుతావుంది.
పక్కనే గోనెసంచి.
తిగిస్త్ దాంట్లో చెయ్యిబెట్టి పిడికెడు తీసింది,
వాసన చూసింది,
ఒక గింజ పంటికింద పెట్టుకుంది.
"దగుస."
"రాగులు," అన్నాన్నేను.
"దగుస," అనింది మళ్ళీ, నన్ను దిద్దేటట్టు.
"మా అవ్వ. ఇంటెనకాల. దగుస."
సంగటామె తెడ్డాపింది. "ఏమంటాంది ఈ పాప?"
"వాళ్ళ దేశంలో గూడా రాగులుండాయంట."
"ఉండవా మల్ల," అనింది ఆమె,
ముద్ద ఇంకొంచెం పెద్దది చేసి
తిగిస్త్ తట్టలో వేస్తా.

మాదే అనుకొని పుట్టినప్పట్నుంచీ మింగిన ముద్ద
ఎవరి కొంగులో మూటై
ఏ చీకట్లో చెప్పులు వెతుక్కోని బయల్దేరిందో.
చెనిక్కాయల ఊరిబిండి అద్దుకుంటా
నేను తిగిస్త్‌నే చూస్తావుండా.
ఆమె తినడం లేదు. ఆమె యాడో ఉంది.

ఫోను మోగింది.
మామ. "యాడుండావే? పాలు పోసేవాళ్ళు కాచుకోనుండారు!"
చుట్టూ చూసినా.
తెల్సిన రోడ్డే, తెల్సిన అచ్చరాలే బోర్డుల మీద.
చెప్పేదానికి ఊరి పేరు నోటికి రాలా.

ఎడమచేత్తో నా ఫోను లాక్కోని
తిగిస్త్ చెప్పింది:
"పలమనేరు మామా. వస్తాండాం."